జాన్ చర్చిల్, మొదటి మార్ల్‌బరో డ్యూక్

జాన్ చర్చిల్, మొదటి మార్ల్‌బరో డ్యూక్ (మే 26, 1650 - జూన్ 16, 1722) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ సేనాని, రాజనీతిజ్ఞుడు. అయిదుగురు ప్రభువుల కాలంలో పదవులు నిర్వహించాడు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఆధిపత్యాన్ని ఐరోపాలో నిలువరించిన యుద్ధాలలో సంకీర్ణ సేనలకు నాయకత్వం వహించాడు. పది సంవత్సరాల పాటు సాగిన ఆ దండయాత్రలలో ఒక్క పెద్ద యుద్ధంలోనూ ఓడిపోలేదు, ముట్టడించిన ఏ కోటనూ వదలి వెనుదిరగలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ ఇతని వంశీయుడే. ఇతని కొరకు 1702లో సృష్టించబడిన మార్ల్‌బరో డ్యూక్ బిరుదు ఇంగ్లండు వంశపారంపర్య బిరుదులలో ఒక విధంగా ప్రత్యేకమైనది. మగ సంతానం లేక అంతరించిపోవలసిన ఆ బిరుదును పార్లమెంటు ఒక చట్టం ద్వారా కుమార్తెలకు సంక్రమింపజేసి నిలబెట్టింది.

ఈ వ్యాసంలో ఇంగ్లండులో జరిగిన సంఘటనల తేదీలు ఆనాడు అక్కడ వాడుకలో ఉన్న జూలియన్ కాలమానం ప్రకారం, ఐరోపా ఖండంలో జరిగిన యుద్ధాల తేదీలు గ్రెగోరియన్ కాలమానం ప్రకారం ఇవ్వబడినవి. ఈ రెంటికీ 17వ శతాబ్దంలో 10 రోజులు, 18వ శతాబ్దంలో 11 రోజులు తేడా ఉండేది. వేర్వేరు పుస్తకాలలో ఒకే యుద్ధానికి వేర్వేరు తేదీలు కనబడడానికి కారణం ఇదే.

బిరుదు - దాని పూర్వ చరిత్ర

ఇంగ్లండు ప్రభు వర్గంలో అయిదు అంతస్తులున్నాయి. పై నుండి క్రిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బేరన్ అని వాటి వరుస. బిరుదు సాధారణంగా తండ్రి నుండి పెద్ద కుమారునికి సంక్రమిస్తుంది. మగ వారసులు లేనిచో చాలా బిరుదులు అంతటితో అంతరిస్తాయి. మార్ల్‌బరో అనేది విల్ట్‌షైర్ జిల్లాలోని ఒక పట్టణం. దాని పేరు మీద 1626లో జేమ్స్ లే అనే న్యాయాధికారికి ఎర్ల్ బిరుదు ఇవ్వబడింది. ఆ వంశం 1679లో అంతరించింది. జాన్ చర్చిల్ తల్లి వైపు నుండి ఆ కుటుంబంతో బంధుత్వం ఉన్నందువలన 1689లో తనకు ఎర్ల్ హోదా లభించినపుడు అతడు ఆ పేరునే ఎంచుకున్నాడు. అంతకు మునుపు 1682లో స్కాట్లండు బిరుదైన లార్డ్ చర్చిల్ ఆఫ్ ఐమత్, 1685లో ఇంగ్లండు బిరుదైన బేరన్ చర్చిల్ ఆఫ్ శాండ్రిడ్జ్ పొందియున్నాడు.

బాల్యం, తొలి జీవితం

జాన్ చర్చిల్ డెవన్ ప్రాంతంలోని ఆష్ అనే ఇంటిలో జన్మించాడు. తండ్రి పేరు కూడా విన్‌స్టన్ చర్చిల్. అంతర్యుద్ధంలో రాజు పక్షాన అశ్వికదళ అధికారిగా పోరాడిన ఆయన, పార్లమెంటు పక్షం గెలిచిన పిమ్మట పెద్ద మొత్తంలో జరిమానా చెల్లించి ఆర్థికంగా చితికిపోయాడు. భార్యాబిడ్డలతో అత్తగారి ఇంట తలదాచుకొన్నాడు. ఆ అత్తగారు లేడీ డ్రేక్ పార్లమెంటు పక్షపాతి కావడం విశేషం. ఒకే ఇంటిలో రెండు పక్షాలు, పరుల పంచన బ్రతుకు, చేతిలో డబ్బు లేకపోవడం - ఈ బాల్యమే జాన్‌కు మనసులోని మాటను దాచుకోవడం, ప్రతి పైసా లెక్కపెట్టడం నేర్పిందని జీవితచరిత్రకారులు భావించారు. అతని తదుపరి జీవితం చూస్తే ఈ అభిప్రాయం సబబుగానే తోస్తుంది.

1660లో రాజరికం పునఃస్థాపితమైన తరువాత కుటుంబ పరిస్థితి కొంత మెరుగుపడింది. జాన్ లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివాడు. అక్క అరబెల్లా రాజు తమ్ముడైన యార్క్ డ్యూక్ జేమ్స్‌కు ప్రియురాలైంది. ఆ సంబంధం వలన జాన్‌కు జేమ్స్ కొలువులో పరిచారక బాలునిగా చోటు దొరికింది. 1667లో సైన్యంలో చేరాడు. ఉత్తర ఆఫ్రికాలోని టాంజియర్ దుర్గంలో కొంతకాలం పనిచేశాడు. 1672లో డచ్చి వారితో జరిగిన సోల్‌బే నౌకా యుద్ధంలో పాల్గొన్నాడు. 1673లో మాస్ట్రిక్ట్ కోట ముట్టడిలో మన్మత్ డ్యూక్ ప్రాణాలను కాపాడాడు. అప్పట్లో ఇంగ్లండు, ఫ్రాన్సు మిత్రదేశాలు. ఆ సాహసానికి యువ చర్చిల్‌ను స్వయంగా 14వ లూయీ అభినందించాడు. మూడు దశాబ్దాల తరువాత తన సేనలను మట్టి కరిపించబోయేది ఈ యువకుడేనని ఆ రాజు ఊహించి ఉండడు. మహా సేనాని తురెన్ కింద పనిచేసి యుద్ధవిద్యలో మెలకువలు నేర్చుకున్నది కూడా ఫ్రెంచి సైన్యంలోనే.

రాజు 2వ చార్లెస్ ప్రియురాలైన బార్బరా విలియర్స్‌తో ఇతనికి కొంతకాలం సంబంధం ఉండేది. ఆమె ఇచ్చిన ధనంలో 4,500 పౌండ్లు పెట్టి ఏటా 500 పౌండ్లు వచ్చే వార్షికాన్ని కొనుక్కున్నాడు. ఆ వయసు వారు అటువంటి సొమ్మును జూదంలోనో, విందులలోనో ఖర్చు చేసే కాలంలో ఇతడు పెట్టుబడి పెట్టడం ఆనాటి వారికి వింతగా తోచింది.

సారా జెన్నింగ్స్

1677-78 చలికాలంలో జాన్ సారా జెన్నింగ్స్‌ను రహస్యంగా వివాహమాడాడు. సారా వద్ద చెప్పుకోదగిన కట్నం లేదు. ధనవంతురాలైన మరొక కన్యను చేసుకోమని తల్లిదండ్రులు ఒత్తిడి చేసినా వినలేదు. డబ్బు విషయంలో అంత జాగ్రత్తపరుడు జీవితంలో లెక్క చూడక తీసుకున్న నిర్ణయం బహుశా ఇదొక్కటే. సారా అందగత్తె, తెలివైనది, ముక్కుసూటి మనిషి, మహా కోపిష్ఠి. యార్క్ డ్యూక్ చిన్న కుమార్తె ఆన్‌కు ఆమె బాల్యం నుండి ప్రాణస్నేహితురాలు. హోదా భేదం అడ్డు రాకూడదని ఉత్తరాలలో ఒకరు మిసెస్ మోర్లీ, మరొకరు మిసెస్ ఫ్రీమన్ అనే మారుపేర్లు పెట్టుకున్నారు. చర్చిల్ దంపతుల ఉన్నతికీ పతనానికీ రెంటికీ ఈ స్నేహమే మూలమయింది.

1688 - ప్రభువును విడిచిపెట్టుట

1685లో జేమ్స్ రాజయ్యాడు. అదే సంవత్సరం తిరుగుబాటు చేసిన మన్మత్ డ్యూక్‌ను సెడ్జ్‌మూర్ వద్ద ఓడించడంలో చర్చిల్ ముఖ్యపాత్ర వహించాడు. ఒకనాడు తాను ప్రాణాలు కాపాడిన మనిషి మీదికే ఇపుడు కత్తి దూయవలసి వచ్చింది.

జేమ్స్ కాథలిక్కు మతస్థుడు. తన మతస్థులకు పదవులు కట్టబెట్టడం, పార్లమెంటును లెక్కచేయకపోవడం ప్రజలలో ఆగ్రహం కలిగించాయి. 1688 నవంబరు 5న హాలండు పాలకుడైన ఆరెంజ్ ప్రభువు విలియం, జేమ్స్‌కు స్వయంగా అల్లుడు, సైన్యంతో ఇంగ్లండు తీరాన దిగాడు. అతనిని ఎదిరించడానికి సాల్స్‌బరీ చేరిన రాజసేనలో లెఫ్టినెంట్ జనరల్ హోదాలో చర్చిల్ ఉన్నాడు. నవంబరు 23 రాత్రి అతడు కొన్ని వందలమంది సైనికులతో శిబిరం విడిచి విలియం పక్షంలో చేరిపోయాడు. తన మతాన్ని, మనస్సాక్షిని కారణంగా పేర్కొంటూ రాజుకొక లేఖ వ్రాసి పెట్టాడు. రెండు రోజులకు లండన్‌లో సారా యువరాణి ఆన్‌ను రాత్రివేళ మహలు నుండి తప్పించి తీసుకుపోయింది. సేనాని, కన్నకూతురు ఒకేసారి దూరం కావడంతో జేమ్స్ ధైర్యం సడలింది. ఫ్రాన్సుకు పారిపోయాడు.

ఈ చర్యను ఎట్లు అర్థం చేసుకోవాలి? జాన్ తిన్న ఉప్పు, తొడిగిన బట్ట, పొందిన బిరుదు అన్నీ జేమ్స్ ఇచ్చినవే. అయితే అతడు యుద్ధం చేసి ఉంటే ఇంగ్లండు మరొక అంతర్యుద్ధంలో కూరుకుపోయి ఉండేదని కూడా ఒప్పుకోవాలి. రాజును విడిచిపెట్టిన వారు అనేకులున్నా, చివరి రోజు వరకు ఆయన పక్కనే ఉండి విడిచిపెట్టినవాడు కనుక మచ్చ ఇతనికే గాఢంగా అంటింది.

విలియం కాలంలో

విలియం, మేరీ సింహాసనం అధిష్ఠించి చర్చిల్‌ను మార్ల్‌బరో ఎర్ల్‌గా చేశారు. 1689లో వాల్‌కోర్ట్ వద్ద, 1690లో ఐర్లండులోని కార్క్, కిన్‌సేల్ రేవుల వద్ద విజయాలు సాధించాడు. కానీ కొత్త ప్రభువు అతనిని పూర్తిగా నమ్మలేదు. ఫ్రాన్సులో ఉన్న జేమ్స్‌తో మార్ల్‌బరో రహస్యంగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతూనే ఉండేవాడు. 1692 జనవరిలో పదవుల నుండి తొలగించబడ్డాడు. మే నెలలో ఒక కూటలేఖ ఆధారంగా రాజద్రోహ నేరం మోపి లండన్ టవర్‌లో బంధించారు. సుమారు ఆరు వారాల తరువాత అది దొంగ ఉత్తరమని తేలి విడుదలయ్యాడు. అతడు చెరలో ఉండగానే చిన్న కుమారుడు చార్లెస్ మరణించాడు.

1694లో బ్రెస్ట్ రేవు మీద ఇంగ్లీషు సేనలు జరిపిన దాడి విఫలమై అనేకులు మరణించారు. ఆ దాడి సమాచారాన్ని ముందుగా శత్రువుకు చేరవేసింది మార్ల్‌బరోయేనని తరువాతి కాలంలో చరిత్రకారుడు మెకాలే తీవ్రంగా ఆరోపించాడు. మన దేశంలో ఇంగ్లీషు విద్యకు పునాది వేసిన మెకాలే ఇతడే. విన్‌స్టన్ చర్చిల్ 1933-38 మధ్య నాలుగు సంపుటాలలో తన పూర్వీకుని జీవితచరిత్ర వ్రాసి, ఆ ఆరోపణకు ఆధారమైన లేఖ కల్పితమని వాదించాడు. దాడి సంగతి ఫ్రెంచి వారికి అంతకు ముందే తెలుసునన్నది మాత్రం నిజం. ఆ లేఖ విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

డ్యూక్ పదవి, పుత్రశోకం

1702 మార్చిలో విలియం మరణించగా ఆన్ రాణి అయినది. మార్ల్‌బరో సర్వసేనాధిపతి అయ్యాడు. సారాకు రాణి అంతఃపురంలోని ముఖ్య పదవులన్నీ దక్కాయి. వారి మిత్రుడు గొడాల్ఫిన్ కోశాధిపతి అయ్యాడు. స్పెయిన్ సింహాసనాన్ని 14వ లూయీ తన మనుమనికి దక్కించుకొనుటను అడ్డుకొనడానికి ఇంగ్లండు, హాలండు, ఆస్ట్రియా కలిసి యుద్ధానికి దిగాయి. మొదటి సంవత్సరంలోనే మ్యూజ్ నదీతీర కోటలను సాధించినందుకు 1702 డిసెంబరు 14న రాణి అతనికి మార్ల్‌బరో డ్యూక్, బ్లాండ్‌ఫర్డ్ మార్క్వెస్ బిరుదులు ప్రసాదించింది. ఆ హోదాకు తగిన ఆస్తి తమకు లేదని సారా మొదట వెనుకాడింది. రాణి తన జీవితకాలం ఏటా 5,000 పౌండ్ల భరణం ఏర్పాటు చేసింది.

మూడు నెలలు గడవకుండానే, 1703 ఫిబ్రవరిలో, కేంబ్రిడ్జిలో చదువుకొనుచున్న ఏకైక కుమారుడు జాన్ మశూచి సోకి మరణించాడు. తల్లిదండ్రులు పరుగున వెళ్లి దగ్గరే ఉన్నా ఫలితం లేకపోయింది. సారా చాలాకాలం మతి చలించినదానివలె తిరిగింది. తండ్రి కొద్ది వారాలకే యుద్ధరంగానికి తిరిగి వెళ్లవలసివచ్చింది. మిగిలినవారు నలుగురు కుమార్తెలు. తాను కష్టించి సంపాదించిన బిరుదు తనతోనే అంతమయ్యే పరిస్థితి ఏర్పడింది.

బ్లెన్‌హైమ్ యుద్ధం

1704లో ఫ్రెంచి, బవేరియా సేనలు వియన్నా నగరాన్ని పట్టుకొనే ప్రమాదం ఏర్పడింది. ఆస్ట్రియా లొంగిపోతే సంకీర్ణం కూలిపోతుంది. డచ్చి ప్రభుత్వం తన సేనలను దేశ సరిహద్దు దాటి పంపడానికి సమ్మతించదని మార్ల్‌బరోకు తెలుసు. అందువలన మొసేల్ నది వైపు వెళుతున్నానని చెప్పి బయలుదేరి, మే నెలలో రైన్ నది వెంట దక్షిణానికి సాగి డాన్యూబ్ తీరానికి చేరాడు. సుమారు 400 కిలోమీటర్ల ఈ ప్రయాణాన్ని అయిదు వారాలలో ముగించాడు. శత్రువులకే కాక మిత్రులకు కూడా అతని అసలు గమ్యం చాలా రోజులు తెలియలేదు. తెల్లవారుజామున నడక మొదలుపెట్టి ఎండ ముదరక ముందే మజిలీ చేసేవారు. ప్రతి మజిలీలో తిండి సిద్ధంగా ఉండేది, దానికి రొక్కం చెల్లించేవారు. హైడెల్‌బర్గ్‌లో సైనికులందరికీ కొత్త జోళ్లు ఎదురుచూస్తున్నాయి. సైన్యాలు దారిలోని పల్లెలను దోచుకుంటూ పోవడమే రివాజైన ఆ కాలంలో ఇది అపూర్వం. సైనికులు అతనిని ముద్దుగా కార్పొరల్ జాన్ అని పిలుచుకునేవారు.

అయితే బవేరియాలో ప్రవేశించిన తరువాత అక్కడి పాలకుని లొంగదీయడానికి వందలాది గ్రామాలను తగులబెట్టించిన సంగతి కూడా చెప్పుకొనక తప్పదు. అది అతని మనసుకు నచ్చని పని అని భార్యకు వ్రాసిన ఉత్తరాల వలన తెలుస్తుంది. ఆ పనిని మాత్రం ఆపలేదు.

ఆగస్టు 13న బ్లెన్‌హైమ్ గ్రామం వద్ద మార్ల్‌బరో, సవాయ్ ప్రభువు యూజీన్ కలిసి సుమారు 52,000 మందితో, తమకంటె కొంత పెద్దదైన ఫ్రెంచి-బవేరియా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. గ్రామం మీద వరుస దాడులు చేయడంతో ఫ్రెంచి అధికారులు భయపడి తమ కాల్బలంలో అధికభాగాన్ని గ్రామంలోనికి కుక్కివేశారు. వారు అక్కడ కదలడానికి చోటు లేక ఇరుక్కుపోయారు. బలహీనపడిన మధ్యభాగాన్ని మార్ల్‌బరో సాయంత్రం అశ్వికదళంతో ఛేదించాడు. ఫ్రెంచి సేనాని మార్షల్ టలార్ బందీగా చిక్కాడు. గుర్రం మీద కూర్చునే, చేతికి దొరికిన ఒక సత్రపు రశీదు వెనుక పెన్సిలుతో విజయవార్తను సారాకు వ్రాసి పంపాడు. లూయీ పాలనలో ఫ్రెంచి సైన్యానికి అంతటి పరాజయం అంతకు ముందెన్నడూ కలుగలేదు. వియన్నా రక్షింపబడింది.

తదుపరి విజయాలు

1706 మే 23న రామిలీ వద్ద సాధించిన విజయంతో నేటి బెల్జియం ప్రాంతంలో అధికభాగం సంకీర్ణం వశమయింది. 1708 జూలై 11న ఔడెనార్డ్ వద్ద మరొక విజయం లభించింది. 1709 సెప్టెంబరు 11 నాటి మాల్‌ప్లాకే యుద్ధం మాత్రం వేరు. రణభూమి దక్కినా గెలిచిన పక్షంలో 20,000 మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. ఓడినవారి నష్టం అందులో సుమారు సగమే. ఆ యుద్ధంలో మార్ల్‌బరో చనిపోయాడన్న పుకారు వలన పుట్టినదని చెప్పబడే ఒక హాస్య గేయం ఫ్రాన్సులో నేటికీ పిల్లలు పాడుకుంటారు.

వారసత్వ చట్టం

రామిలీ విజయం తరువాత 1706 డిసెంబరులో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టాన్ని చేసింది. దాని ప్రకారం డ్యూక్‌కు మగ సంతానం లేనపుడు బిరుదు, దానితోపాటు ఆస్తి, భరణం మొదట పెద్ద కుమార్తెకు, ఆమె మగ సంతతికి, ఆ శాఖ నిలువకపోతే తరువాతి కుమార్తెల శాఖలకు వరుసగా చెందుతాయి. ఏటా 5,000 పౌండ్ల భరణం కూడా శాశ్వతమైంది. స్కాట్లండు బిరుదు ఈ ఏర్పాటులో లేనందున 1722లో అంతరించింది. జర్మన్ చక్రవర్తి ఇచ్చిన మిండెల్‌హైమ్ సంస్థానం యుద్ధానంతర సంధిలో తిరిగి బవేరియాకు పోయింది.

బ్లెన్‌హైమ్ భవనం

కృతజ్ఞతా చిహ్నంగా రాణి 1705లో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని వుడ్‌స్టాక్ భూములను ప్రదానం చేసింది. దానికి శిస్తు ఏటా యుద్ధం జరిగిన ఆగస్టు 13వ తేదీన విండ్సర్ కోటలో సమర్పించవలసిన ఒక ఫ్రెంచి పతాకం. అక్కడ వాన్‌బ్రూ అనే వాస్తుశిల్పి మహాసౌధ నిర్మాణం మొదలుపెట్టాడు. ప్రభుత్వం ఎంత ఇస్తుందో వ్రాతపూర్వకంగా లేకపోవడం పెద్ద చిక్కయింది. 1712లో నిధులు ఆగిపోయి పని నిలిచిపోయింది. తరువాత డ్యూక్ స్వంత సొమ్ముతో కొనసాగించాడు. మొత్తం ఖర్చు దాదాపు 3 లక్షల పౌండ్లు. సారాకు ఆ భవనం ఏనాడూ నచ్చలేదు. వాన్‌బ్రూతో కలహించి 1716లో అతడు పని వదలిపోయేలా చేసింది. 1725లో తాను రూపొందించిన భవనాన్ని చూడవచ్చిన వాన్‌బ్రూను లోపలికి అడుగుపెట్టనివ్వలేదు.

పతనం

సారా రాణితో చనువు కొద్దీ మాట తూలేది. రాజకీయాలలో విగ్ పక్షాన్ని సమర్థించమని విసిగించేది. రాణి స్వతహాగా టోరీ అభిమాని. క్రమంగా ఆమె మనసు సారా బంధువే అయిన అబిగెయిల్ మాషం అనే పరిచారిక వైపు మళ్లింది. ఆ పిల్లను అంతఃపురంలో చేర్పించినది సారాయే. 1710 ఏప్రిల్‌లో స్నేహితురాళ్లిద్దరూ చివరిసారి కలుసుకున్నారు. ఆగస్టులో గొడాల్ఫిన్ పదవి పోయింది. 1711 జనవరిలో సారాను తొలగించారు. భర్త మోకరిల్లి బ్రతిమాలినా రాణి వినలేదని చెబుతారు.

యుద్ధం ఖర్చుతో, ప్రాణనష్టంతో విసిగిన ప్రజలకు శాంతి కావలసివచ్చింది. యావజ్జీవ సేనాధిపత్యం కావాలని 1709లో మార్ల్‌బరో కోరడం కూడా అతని మీద అనుమానాలు పెంచింది. 1711 నవంబరులో జొనాథన్ స్విఫ్ట్ (గలివర్ యాత్రల రచయిత) యుద్ధాన్ని విమర్శిస్తూ ప్రచురించిన పుస్తిక టోరీలకు ఆయుధమయింది. సైన్యానికి రొట్టె సరఫరా చేసే గుత్తేదారుల నుండి 63,000 పౌండ్లు తీసుకున్నాడని, విదేశీ సేనల జీతాలలో నూటికి రెండున్నర వంతు మినహాయించుకున్నాడని అభియోగం మోపారు. అది ఆనవాయితీగా వచ్చే రుసుమని, రెండవదానికి రాణి అనుమతి ఉన్నదని, ఆ సొమ్మును గూఢచారులకు వెచ్చించానని డ్యూక్ సమాధానమిచ్చాడు. అతని వేగుల వ్యవస్థ అద్భుతమైనదన్నది వాస్తవమే. ధనాశ కూడా అంతే వాస్తవం. ఆ డిసెంబరు చివర రాణి అతనిని అన్ని పదవుల నుండి తొలగించింది. అంతకు కొద్ది నెలల ముందే అతడు ప్రాణనష్టం దాదాపు లేకుండా ఫ్రెంచి రక్షణ రేఖలను దాటి బూషెన్ కోటను పట్టుకున్నాడు.

1712 చివర దేశం విడిచి వెళ్లిన మార్ల్‌బరో, 1714 ఆగస్టులో ఆన్ మరణించిన సమయానికి తిరిగి వచ్చాడు. కొత్త రాజు 1వ జార్జి సేనాధిపత్యాన్ని మరల అప్పగించాడు. కానీ 1716లో రెండుసార్లు పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్నది. 1722 జూన్ 16న విండ్సర్ వద్ద మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేశారు. సారా మరో 22 సంవత్సరాలు జీవించింది. సోమర్సెట్ డ్యూక్ వివాహం చేసుకుంటానని అడిగితే నిరాకరించింది. 1744లో ఆమె మరణించిన తరువాత ఇద్దరినీ బ్లెన్‌హైమ్ ప్రార్థనాలయంలో ఒకచోట సమాధి చేశారు.

వారసులు

చట్టం ప్రకారం పెద్ద కుమార్తె హెన్రియెటా స్వంత హక్కుతో రెండవ డచెస్ అయినది. ఆమెకు తల్లితో పడేది కాదు. ఆమె కుమారుడు 1731లోనే చనిపోయాడు. 1733లో ఆమె మరణించగా బిరుదు ఆమె చెల్లెలు ఆన్ కుమారుడైన చార్లెస్ స్పెన్సర్‌కు వెళ్లింది. అతడు మూడవ డ్యూక్. అతని తమ్ముడు జాన్‌కు స్పెన్సర్ల ఆల్థార్ప్ ఆస్తి దక్కింది. యువరాణి డయానా ఆ శాఖకు చెందినది. కుమార్తె ద్వారా సంక్రమించినందున తరువాతి డ్యూక్‌ల ఇంటిపేరు స్పెన్సర్ అయింది. మూలపురుషుని పేరు నిలుపుకొనడానికి అయిదవ డ్యూక్ 1817లో రాజానుమతితో స్పెన్సర్-చర్చిల్‌గా మార్చుకున్నాడు.

ఈ అయిదవ డ్యూక్ దుబారా మనిషి. ఇటాలియన్ రచయిత బొకాచియో గ్రంథపు అరుదైన ప్రతిని 1812 వేలంలో 2,260 పౌండ్లకు కొని, 1819లో అప్పుల కోసం 918 పౌండ్లకు పోగొట్టుకున్నాడు. అక్కడినుండి భవనాన్ని పోషించడమే వంశానికి భారమయింది. ఏడవ డ్యూక్ రత్నాలను, గ్రంథాలయాన్ని అమ్మాడు. ఎనిమిదవ డ్యూక్ రాఫెల్ చిత్రాన్ని 1885లో 70,000 పౌండ్లకు నేషనల్ గ్యాలరీకి అమ్మాడు. తొమ్మిదవ డ్యూక్ 1895లో అమెరికా కోటీశ్వరుని కుమార్తె కాన్స్యులో వాండర్‌బిల్ట్‌ను 25 లక్షల డాలర్ల రైల్వే వాటాల కట్నంతో పెళ్లాడాడు. తల్లి బలవంతం మీద ఒప్పుకున్నానని ఆమె తరువాత ఆత్మకథలో తెలిపింది. 1921లో విడాకులు తీసుకున్నారు.

ఏడవ డ్యూక్ కుమారుడైన లార్డ్ రాండాల్ఫ్ 1885-86లో భారత వ్యవహారాల మంత్రి. అతని కుమారుడు విన్‌స్టన్ 1874 నవంబరు 30న బ్లెన్‌హైమ్ భవనంలోనే జన్మించాడు. 1895 జనవరిలో తండ్రి చనిపోయినది మొదలు 1897 సెప్టెంబరులో కాన్స్యులోకు కొడుకు పుట్టేవరకు డ్యూక్ బిరుదుకు తరువాతి వారసుడు విన్‌స్టనే. 1896 నవంబరులో బెంగుళూరు నుండి తన పటాలంతో హైదరాబాదు వచ్చి గోల్కొండ కప్పు పోలో పోటీలో గెలిచిన నాటికి అతని స్థితి అది. కాన్స్యులోకు మగపిల్లవాడు కలగకపోతే అతడు ప్రభువుల సభకు వెళ్లవలసివచ్చేది, కామన్స్ సభ నుండి ప్రధాని అయ్యే అవకాశం దాదాపు ఉండేది కాదు.

పదవ డ్యూక్ 1950లో భవనాన్ని ప్రజల సందర్శనకు తెరిచాడు. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 1999 చట్టంతో వంశపారంపర్య ప్రభువులకు పార్లమెంటులో స్థానం హక్కుగా లభించడం ఆగిపోయింది. 11వ డ్యూక్ 2014 అక్టోబరులో మరణించగా అతని కుమారుడు 12వ డ్యూక్ అయ్యాడు.